వైస్రాయీ, నా మెయిల్ సర్వరూ

అండమాన్‌లో మా హోప్ టౌన్ జెట్టీ దగ్గర 1872 ఫిబ్రవరి 8 సాయంత్రం లార్డ్ మేయోని పొడిచారు. పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయి ఆయనొక్కడే. చుట్టాలొస్తే చెప్పుకోడానికి మా ఊళ్లో ఇంతకన్నా పెద్ద సంగతి లేదు కాబట్టి, ఇది నేను చాలాసార్లు చెప్పాను, మా ఆవిడ చాలాసార్లు భరించింది. మెయిల్ సర్వరు గురించి రాస్తానని కూర్చుని ఈ హత్యేమిటంటారా? కాస్త ఆగండి, మేయోగారు మళ్లీ వస్తారు.

నా గొడవ చాతం వెళ్లే ఫెర్రీలో మొదలైంది. బంబూఫ్లాట్‌లో ఎక్కి, రెయిలింగుకి ఆనుకుని ఓడ టికెట్లు వెతుకుతుంటే ఫోను చేతిలోంచి జారి సముద్రంలో పడింది. కొత్తది కొన్నాను. ఉచితంగా మెయిలిచ్చే పెద్ద కంపెనీ ఒకటి, ‘నువ్వు నువ్వేనని నీ పాత ఫోన్లో నొక్కి చెప్పు’ అంది. పాత ఫోను చేపల దగ్గరుంది. పన్నెండేళ్ల ఉత్తరాలు దాంతోపాటే మునిగాయి.

ఆ రాత్రే తీర్మానించాను, ఇక సొంత సర్వరేనని. మా బావమరిది విశాఖలో సర్వర్లు చూసే ఉద్యోగం చేస్తాడు. ఫోను చేశాను.

“ఏటి బావా, నెలకి నీకెన్ని మెయిల్సొస్తాయేటి?”

“నలభై దాకా.”

“అందులో మనుషులు రాసినవి?”

“రెండు. రెండూ నువ్వు రాసినవే.”

కాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత అక్కని ఫోనివ్వమన్నాడు. నేనివ్వలేదు.

సర్వరు పెట్టె ఇంట్లోనే పెడదామనుకున్నాను. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబులు వచ్చింది కదా, రెండువేల మూడొందల కిలోమీటర్లు. అంతకుముందు అంతా ఉపగ్రహం దయ. ఒక ఫోటో పంపుతూ పొయ్యి మీద పప్పు పెడితే, పప్పే ముందు ఉడికేది. ఇప్పుడా బాధ లేదు గదా అంటే వాడు కొట్టిపారేశాడు. ఇంటి కనెక్షన్లలో 25వ పోర్టు బయటికి మూసి ఉంటుందట, మెయిల్ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఆ దారిలోనే. మన ఐపీ నంబరును బట్టి మన పేరు వెతికితే సరిగ్గా దొరకాలి, లేకపోతే అవతలివాళ్లు గుమ్మంలోనే ఆపేస్తారు. ఇక ఉప్పు గాలికి మా ఇంట్లో గేటు తాళమే నాలుగు నెలలు బతకదు. చివరికి చెన్నైలో ఒక యంత్రంలో కాస్త చోటు నెలవారీగా తీసుకున్నాం.

“అద్దిల్లే కదండీ. సొంతమన్నారు?” అంది మా ఆవిడ.

సాఫ్ట్‌వేరు ఎంపిక పెళ్లిచూపుల్లా సాగింది. సెండ్‌మెయిల్ పాత వంశం, పేరున్న కుటుంబం. కానీ 1988లో మోరిస్ పురుగు వేల కంప్యూటర్లలోకి పాకిన దారుల్లో ఒకటి ఇందులో తెరిచి వదిలేసిన పరీక్షల తలుపేనట. ఎగ్జిమ్ కేంబ్రిడ్జిలో పుట్టింది, చదువుకున్నది, అడిగినదల్లా చేస్తుంది. నాకేం అడగాలో తెలియాలిగా. పోస్ట్‌ఫిక్స్ నచ్చింది. వీట్సే వెనెమా ఐబీఎంలో ఉండగా రాసి 1998లో బయటపెట్టాడు. అది ఒక్క ప్రోగ్రాము కాదు, చిన్నచిన్నవి చాలా. మన పెళ్లి భోజనాల ఏర్పాటే అది: గుమ్మంలో పన్నీరు చల్లేవాడికి వంటశాలలో పని లేదు, వడ్డించేవాడి చేతికి ఉగ్రాణం తాళం ఇవ్వరు. గుమ్మంలోవాణ్ణి ఎవడైనా బుట్టలో వేసుకున్నా, పోతే పన్నీరు బుడ్డి పోతుంది, లడ్డూలు పోవు.

దాని ఓర్పు కూడా ద్వీపవాసులకు తగ్గది. అవతలి సర్వరు పలకకపోతే ఉత్తరాన్ని దగ్గర పెట్టుకుని ఐదు రోజులు తలుపు తడుతూనే ఉంటుంది. విశాఖ ఓడ ఇక్కడికి అంతకన్నా ముందే వస్తుంది.

వచ్చిన ఉత్తరాలు దాచి మన చేతికిచ్చేది డవ్‌కాట్. అంటే పావురాల గూడు.

“ఇంట్లోకి పావురాలా? డాబా మీద ఒడియాలు పెట్టుకోవద్దా?” అంది మా ఆవిడ. చెన్నైలో ఉంటాయిలే అని ఒప్పించాను.

ఇక భద్రత. మా నాన్నగారు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చిన కొత్తలో, ఆయన పేరు చెప్పి ఎవరెవరో కొట్లో అరువు తెచ్చుకునేవారట. విసిగి కొట్టువాడికి చీటీ ఇచ్చారు: మా ఇంటి నుంచి వచ్చేది ఫలానా ముగ్గురే. ఎస్‌పీఎఫ్ అంటే ఆ చీటీయే. డీకిమ్ అంటే ఉత్తరం మీద మన ముద్ర, దారిలో ఎవరైనా అక్షరం మార్చితే ముద్ర కలవదు. రెండూ తేడా వస్తే ఏం చెయ్యాలో కొట్టువాడికి ముందే చెప్పి ఉంచడం డీమార్క్. ఇవి కాక, వచ్చే చెత్తను ఏరడానికి ఆర్‌స్పామ్‌డి. ఐదుసార్లు తప్పు పాస్‌వర్డు కొట్టినవాణ్ణి వెలివేయడానికి ఫెయిల్‌టుబ్యాన్. ఇంట్లో అందరికీ ఇరవై అక్షరాల పాస్‌వర్డులు. మా ఆవిడ తనది బియ్యం డబ్బా మూత లోపల రాసుకుంది. వద్దన్నాను. మీ హ్యాకర్లు అన్నం వండుతారా అని అడిగింది.

ఇప్పుడు మేయోగారు. ఆ రోజు ఖైదీలున్న ద్వీపాల్లో ఆయన చుట్టూ గట్టి కాపలా పెట్టారు. అన్నీ చూశాక కాస్త పొద్దుండటంతో, మౌంట్ హారియట్ మీది నుంచి సూర్యాస్తమయం చూద్దామని ముచ్చటపడ్డాడు. ఇప్పుడది మౌంట్ మణిపూర్. కొండ దిగేసరికి చీకటి, కాగడాలు, చుట్టూ పోలీసులు. లాంచి ఎక్కబోతుండగా వెనక నుంచి మీదికి దూకాడు షేర్ అలీ. బయటినుంచి వచ్చినవాడు కాడు. ఖైదీయే, బుద్ధిమంతుడని క్షవరం పని అప్పగించిన ఖైదీ. కత్తులూ గడ్డాలూ రోజూ అతని చేతి కింద ఉండేవే.

మూడో వారంలో ఒక పొద్దున్న చూస్తే, మా సర్వరు నుంచి బయల్దేరడానికి 14,000 ఉత్తరాలు వరసలో నిలబడ్డాయి. అన్నీ లాటరీ శుభవార్తలే. వెళ్లినవెన్నో లెక్కలేదు. బావమరిది సర్వరు లాగులు తిరగేసి, “బావా, ‘పరీక్ష’ ఎవరు?” అన్నాడు.

మొదటి రోజు పనిచేస్తోందో లేదో చూడ్డానికి పెట్టిన ఖాతా. పాస్‌వర్డు పరీక్ష123. ఫెయిల్‌టుబ్యాన్ ఐదో తప్పు కోసం కాచుకుని కూర్చుంది. వచ్చినవాడు రెండోసారికే కనిపెట్టేశాడు. ఆర్‌స్పామ్‌డిని లోపలికొచ్చేవాటి మీదే పెట్టాను, బయటికెళ్లేవి మనవాళ్లవే కదా అని.

“1988 అంటూ సెండ్‌మెయిల్‌కి వంకలెట్టావు కదేటి, బావా?” అన్నాడు వాడు. షేర్ అలీ కథ వాడికీ తెలుసు గానీ, మర్యాదస్తుడు, ఎత్తలేదు.

మా నంబరు నల్లజాబితాకెక్కింది. తీసెయ్యండి మహాప్రభో అని అర్జీ పెట్టుకుని, ‘పరీక్ష’ని సమూలంగా తుడిచేసి, కాలర్ సర్దుకుంటూ వంటింట్లోకెళ్లి మా ఆవిడకి చెప్పాను.

గరిటె ఆగిపోయింది. “అయ్యో, మొన్న విశాఖ ఓడ టికెట్లకి నేనిచ్చింది ఆ అడ్రసేనండీ. గుర్తుండే పాస్‌వర్డు అదొక్కటేగా!”

పరుగెత్తుకెళ్లి లాగు చూశాను. పదకొండు నిమిషాల క్రితం టికెట్ల మెయిలు వచ్చింది. డీకిమ్ ముద్ర చూడటం, ఆర్‌స్పామ్‌డి చెత్త ఏరడం దాకా రానే లేదు. ఆ పేరుగలవారు ఇక్కడెవరూ లేరని పోస్ట్‌ఫిక్స్ దాన్ని మర్యాదగా వెనక్కి పంపించింది. పెట్టిన దగ్గర్నుంచి మా సర్వరు ఒక్క తప్పూ లేకుండా చేసిన పని అదే.