సిస్టం అన్న

రాజోలిలో జిరాక్సు కొట్లకేం కొదవలేదు గానీ సిస్టం అన్న కొట్టు దారి వేరు. కస్టమరు కుర్చీ కాస్త ముందుకు జరిపితే చాలు, "మౌస్ ముట్టకప్పా, సిస్టం ఫైళ్లు కదుల్తయ్" అంటాడు. ఆదాయం సర్టిఫికెట్టుకు వచ్చిన ముసలాయన భయపడి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. మగ్గం నేసేవాళ్ల పిల్లాడు కొత్త కొంగు డిజైను పెన్‌డ్రైవ్‌లో తెస్తే, దాని మూత తీసి, ఉఫ్ మని ఊది, చొక్కా అంచుకు తుడిచి, అప్పుడు గుచ్చుతాడు. ఊదితే వైరస్ పోతదా అన్నవాడి ప్రింటు ఆ పూటకు రాదు.

ఊళ్లో అందరూ కాలాన్ని వరదకు ముందు, వరద తర్వాత అని చెబుతారు. ఈయన ఎక్స్‌పీ కాలం, సెవెన్ కాలం అంటాడు. లెక్క పెద్దగా తేడా రాదు. తుంగభద్ర ఊరిని ముంచి మగ్గం గుంటలు నింపింది 2009 అక్టోబరు మొదట్లో, విండోస్ సెవెన్ వచ్చింది అదే నెల 22న.

కర్నూలులో పీజీడీసీఏ చేసిన మనిషి కాబట్టి కథలకు కొదవలేదు. 2002లో ఒక ఈమెయిల్ లోకమంతా తిరిగింది. మీ కంప్యూటర్లో ఎలుగుబంటి బొమ్మున్న ఫైలు కనబడితే అది వైరస్, వెంటనే తీసేయండి, తెలిసినవాళ్లందరికీ చెప్పండి అని. నిజానికి అది విండోస్‌తో పాటు వచ్చిన ఫైలే. చదువుకున్నోళ్లే కూర్చుని తమ చేత్తో తామే చెరుపుకున్నారు. ఇది చెప్పేటప్పుడు అన్న గొంతులో జాలి ఉండదు.

అసలు కాపలా మైక్రోసాఫ్ట్ వాళ్లే పెట్టారు. విండోస్ 2000లో ఎవరైనా ముఖ్యమైన ఫైలు చెరిపితే, దాచిపెట్టిన నకలు తెచ్చి మళ్లీ అక్కడే పెట్టేది. విస్టా నుంచి పద్ధతి బిగిసింది. ఆ ఫైళ్లన్నీ ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ అనే ఖాతా పేరు మీద రాసేశారు. అడ్మినిస్ట్రేటర్‌కైనా చదవడం, నడపడం వరకే హక్కు. ఈ సంగతి తెలిసిన పూట అన్నకు ముద్ద దిగలేదు. "కొన్నది నేను, కరెంటు బిల్లు కట్టేది నేను, నడుమ ఈ ఇన్‌స్టాలర్‌గాడు ఎవడప్పా?" పాత పహాణీ తీయించుకుని, పట్టాదారు గడిలో తన పేరు, అనుభవదారు గడిలో ఇంకొకడి పేరు చూసుకున్న రైతు ఏడుపే అది. చివరికి ప్రాపర్టీస్‌లోకి, అందులో సెక్యూరిటీలోకి పోయి ఓనర్ పేరు తనదిగా మార్చుకున్నాడు. ఎమ్మార్వో ఆఫీసు గడప తొక్కకుండా ఆయనకు మ్యుటేషన్ అయిన ఆస్తి అదొక్కటే.

ఇంత కాపలాదారు విండోస్ కొన్నాడా అని మాత్రం అడక్కూడదు. దొంగ విండోస్‌కు యాక్టివేటర్ వెయ్యాలి. అది ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. ఆపుతాడు. తెర మసకబారి, ఈ ప్రోగ్రాంను మార్పులు చేయనివ్వమంటావా అని అడుగుతుంది. ప్రశ్న పూర్తిగా పడకముందే 'ఎస్' కొట్టి ఉంటాడు. ముసలాయన వేలు తగిలితే కదిలే ఫైళ్లు, ఎవడో ముక్కూమొహం తెలియనివాడు రాసిన ప్రోగ్రాంకు మాత్రం కదలవని ఆయన నమ్మకం.

నీలం తెర పడినప్పుడు నల్ల కిటికీ తెరిచి 'ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ' కొడతాడు. మారిపోయిన సిస్టం ఫైళ్లను వెతికి, మంచి నకళ్లతో సరిచేసే ఆజ్ఞ అది. శాతం అంకె పెరుగుతుంటే కొట్టంతా నోరు మూసుకుని చూస్తుంది. ఎవరు గెలికారని ఒక్కొక్కరి ముఖం పరీక్షగా చూస్తాడు. అద్దం వైపు చూడడు.

మొన్న గద్వాలలో డిగ్రీ చదివే కూతురు విసుగెత్తి, అంతా తుడిచి అసలు విండోస్ వేసింది. తండ్రికి మామూలు యూజర్ ఖాతా ఇచ్చి, అడ్మిన్ పాస్‌వర్డ్ తన దగ్గర పెట్టుకుంది. ఇప్పుడు 'ఎస్' కొడితే సరిపోదు, పాస్‌వర్డ్ అడుగుతుంది. ప్రింటర్ డ్రైవర్ వెయ్యాలన్నా సాయంత్రం ఆ పిల్ల బస్సు దిగేదాకా ఆగాలి.

"యాడ నుంచి దించినవ్ నాన్నా?"

"కంపెనీ సైటేనమ్మా."

"అడ్రసు చదువు."

చదువుతాడు. సరేనని ఆ పిల్ల కీబోర్డు దగ్గరికి లాక్కుని, "అటు తిరుగు" అంటుంది. సిస్టం అన్న తన కొట్లో, తన గోడ వైపు తిరిగి నిలబడతాడు.

"నేను గూడ తిరగాల్నా బిడ్డా?" అన్నాడు ముసలాయన.