ఎనిమిది పలకల మోకా ఆత్మకథ

హైదరాబాద్ నాచారంలో ఒక అపార్ట్‌మెంటు వంటగదిలో, అమ్మమ్మ స్టీలు ఫిల్టర్ పక్కనే ఉంటుంది ఈ మోకా. కథ తనదే, చెప్పేదీ తానే. అయినా ‘నేను’ అనదు; పేరుతోనే చెప్పుకుంటుంది, ఆ పేరు ఒక వంశానిది గనుక. 1933లో ఇటలీ ఉత్తరాన క్రుసినాల్లొ అనే ఊళ్లో అల్ఫోన్సొ బియాలెత్తి ఈ రకం అల్యూమినియం కాఫీపాత్రను వెలుగులోకి తెచ్చాడు. మోకా అన్నది యెమెన్‌లోని రేవు పట్టణం పేరు. ఒకప్పుడు కాఫీ గింజలు అక్కడే ఓడ ఎక్కేవి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అల్ఫోన్సొ కొడుకు రెనాతొ దీన్ని ఇటలీలో ఇంటింటికీ చేర్చాడు. 2016లో ఆయన పోయినప్పుడు చితాభస్మాన్ని మోకా ఆకారపు పాత్రలోనే ఉంచారు. ఆ మాట చెప్పేటప్పుడు ఈ మోకా గొంతు గర్వంతో నిండుతుంది.

మిలాన్‌లో చదివిన పెద్దన్న సూట్‌కేసులో ఇది నాచారం చేరింది. వాడేది మాత్రం చెల్లెలు. ఆ అమ్మాయి తార్నాకలోని ఇఫ్లూలో ఇటాలియన్ నేర్చుకుంటోంది. 1958లో ఇంగ్లిషు బోధన కోసం పుట్టిన ఆ సంస్థలో ఇప్పుడు చాలా విదేశీ భాషలు చెబుతారు. క్లాసులో విన్న మాటలు పొద్దున్నే మోకా విప్పుతూ వల్లె వేస్తుంది.

కింది గిన్నె కల్దాయ. అందులో అక్క్వ, అంటే నీళ్లు, పక్కనున్న బుల్లి వాల్వు దాటకుండా పోయాలి. లోపల దిగే గరాటు ఇంబూతొ. దాని నిండా అరకు అరబికా పొడి, నొక్కకుండా. (అరకు గిరిజన రైతుల కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.) పై పాత్ర బిగించి సన్నమంట మీద పెడితే ఆవిరి ఒత్తిడికి నీళ్లు పొడిలోంచి పైకి తన్నుకొస్తాయి. అమ్మమ్మ ఫిల్టర్‌లో డికాషన్ కిందికి దిగుతుంది. ఇక్కడ పైకి ఎక్కుతుంది. బుడబుడమనగానే స్టవ్ కట్టేయాలి, లేకపోతే చేదెక్కుతుంది.

‘‘ఏమిటే, అన్నీ మన మాటల్లాగే అచ్చు మీద ఆగుతున్నాయి?’’ అంది అమ్మమ్మ ఒకరోజు. తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అనడం పాత సంగతే. 15వ శతాబ్దంలో విజయనగరం చూసిన వెనిస్ యాత్రికుడు నికొలో కోంతి పేరు మీద ఆ మాట చెలామణిలో ఉంది.

కానీ అసలు బలం ఒత్తులది. సేతె అంటే దాహం, సెత్తె అంటే ఏడు. కపెల్లొ తలవెంట్రుక, కప్పెల్లొ టోపీ. ఇంగ్లిషు ఉచ్చారణకు అలవాటు పడినవాళ్లకు ఈ తేడా పట్టుబడటం కష్టం. కల వేరు, కల్ల వేరు అని చిన్నప్పుడే తెలిసిన తెలుగు నాలుకకు ఎంత పని! గ్రాత్సియె, అంటే కృతజ్ఞతలు, అందులోని ధ్వని మనం చాప అనేటప్పుడు పలికే చ లాంటిదే. హైదరాబాద్ కెఫేల బోర్డుల మీద ఈ మాటలు ఇంగ్లిషు మీదుగా వచ్చి లాటే, కాపుచినో అయ్యాయి. మూలంలో అవి లత్తె, కప్పుచ్చీనొ. అందుకే ఆ అమ్మాయి నోట్సు తెలుగు లిపిలో రాసుకుంటుంది. అది సరైన దారి అని ఈ మోకా గట్టిగా నమ్ముతుంది. ఇటలీలో ఒట్టి లత్తె అడిగితే గ్లాసెడు పాలే వస్తాయని ఆ నోట్సులోనే ఎర్ర ఇంకుతో ఉంది. పాలు కలిపిన కాఫీ కావాలంటే కఫ్ఫెలత్తె అనాలి.

ఒకసారి అమ్మాయి ‘‘త్సుక్కెరొ’’ అంది. అర్థం చెప్పకముందే అమ్మమ్మ చక్కెర డబ్బా అందించింది. రెండు మాటలకూ మూలం సంస్కృత శర్కరే. ఒకటి ప్రాకృతం మీదుగా మనకు వచ్చింది, ఇంకొకటి పారశీకం, అరబ్బీ దాటి ఇటలీ చేరింది.

ఇప్పుడు ఆదివారాల్లో వంటగట్టే బాంకొ, అంటే బార్ కౌంటర్. ఇటలీలో చాలా బార్లలో ముందు డబ్బు కట్టి, స్కొంత్రీనొ, అంటే రసీదు, చూపించి, నిలబడే కాఫీ తాగుతారు. బాంకొ వెనక అమ్మమ్మ.

‘‘దూయె కఫ్ఫె, పెర్ ఫవోరె.’’ అంటే, దయచేసి రెండు కాఫీలు.

‘‘ముందు స్కొంత్రీనొ చూపించవే!’’