మ.రా.రా.శ్రీ ప్రొఫెసర్ గారి దివ్యసముఖమునకు

నెల్లూరు జిల్లా ఆత్మకూరు ఎమ్మార్వో ఆఫీసు ముందర, వేపచెట్టు కింద, ముప్పై ఏళ్లుగా అర్జీలు రాస్తుండా. పాసుపుస్తకంలో పేరు తప్పు పడిందని, పింఛను ఆగిందని, పక్క చేనోడు గట్టు జరిపాడని. నా చేతి కాయితం కలెక్టరాఫీసు గడప తొక్కని సోమవారం లేదనుకోండి. ఇప్పుడు అన్నీ ఆన్‌లైనయి ఆ గిరాకీ పడిపోయింది. ఆ దేవుడు ఒక తలుపు మూసినా కిటికీలోంచి పిల్లకాయల్ని పంపించాడు. ఉదయగిరి, వింజమూరు, మర్రిపాడు, అనంతసాగరం అంతటి నుంచీ వస్తుండారు. అందరిదీ ఒకటే కోరిక: అమెరికాలో ఎమ్మెస్ సీటొచ్చింది, వీసాకి కావాల్సిన ఐ-20 కాయితం వచ్చింది, బ్యాంకు లోను తలుచుకుంటే నాయనకి నిద్ర రావడం లేదు, ఎవరైనా ప్రొఫెసరుని పట్టి జీఆర్ఏ ఇప్పించే ఉత్తరం రాసియ్యి పెద్దనాయనా అని.

జీఆర్ఏ అంటే గ్రాడ్యుయేట్ రీసెర్చ్ అసిస్టెంటు. ప్రొఫెసరు పరిశోధనలో చేదోడుగా ఉండాలి, చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు దాటకుండా. బదులుగా నెలకింతని జీతం, అదృష్టం బాగుంటే ఫీజు కూడా కొంతో మొత్తమో మాఫీ. రైతుకి రుణమాఫీ ఎట్టాగో ఎమ్మెస్ పిల్లకాయకి ట్యూషను మాఫీ అట్టాగ. కాబట్టి మాఫీ అర్జీలు రాసి చేయి తిరిగిన నాకంటే దీనికి తగినవాడు జిల్లాలో లేడు. నా మెళకువలు ఉచితంగా చెప్తుండా, రాసుకోండి.

ముందు సంబోధన. ‘డియర్ ప్రొఫెసర్’ అని ఇంటిపేరొకటి తగిలించి ఊరుకోవడం పెద్దమనిషిని పేరుపెట్టి పిలిచినట్టుంటుంది. మనకి మ.రా.రా.శ్రీ ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి దించితే ‘రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్’ అవుతుంది. ఆయన సారో ఆమె మేడమో వాళ్ల పేజీ తెరిస్తే తెలుస్తుంది గానీ, తెరిస్తే ఏం పరిశోధన చేస్తున్నారో కూడా కళ్లబడుతుంది, చదవాల్సి వస్తుంది. ఎందుకొచ్చిన గొడవ? ఆ వెంటనే ఉభయకుశలోపరి. ‘ఈ మెయిలు తమకు కుశలంగా ఉన్న వేళ అందునని తలుస్తాను’ అని. ఈ వాక్యం చాట్‌జీపీటీ కూడా రాస్తుందని ఒక పిల్లోడు ఎగతాళి చేశాడు. అది నిన్నగాక మొన్న పుట్టింది అబ్బయ్యా, నేను ముప్పై ఏళ్ల నుంచి రాస్తుండా.

పేరు రాయక తప్పదంటే, ఒక ఉత్తరం తయారుచేసుకుని పేరొక్కటీ మారుస్తూ పో. అతికించిన పేరు లావు అక్షరాల్లో, మిగతాది సన్న అక్షరాల్లో పడుతుంది. పడనీ. శుభలేఖ అచ్చులో వేయించి అతిథి పేరు మాత్రం పెన్నుతో రాయమా? ఎవరన్నా అలిగి పెళ్లికి రాకుండా పోయారా? ఒక్కోసారి టెక్సాస్ ఆయనకి ఒహాయో ఆయన పేరుతో పోతుంది. దానికీ కంగారు పడొద్దు, ఇద్దరూ ప్రొఫెసర్లే గదా.

ఎంతమందికి పంపాలి? అర్జీ ఎమ్మెల్యేకి రాస్తే ‘ప్రతి’ అని కిందేసి కలెక్టరుకి, ఆర్డీవోకి, మండలాఫీసుకి నకళ్లు పంపుతాం. అదే పద్ధతి. డిపార్టుమెంటు మొత్తాన్నీ ఒకే ‘టు’ గడిలో కూర్చోబెట్టు. ఒకరి పేరు ఒకరికి కనపడితే, ఈ పిల్లోడు పక్కోడికి పోతాడేమోనని పోటీ పడతారు. జీమెయిలు రోజుకి 500 మందికి మించి పంపనివ్వదు. రెండో అకౌంటు తెరువు.

ఇక్కడ మా మెట్ట రైతులొకటి గమనించాలి. డి.సి.పల్లి పొగాకు వేలం కేంద్రంలో మీరు చూసే ఉంటారు. ఏడాది చెమట బేళ్లుగా కట్టి వరసలో పెడతాం. కొనేవాడు నడుస్తూనే ఒక చూపు చూసి, గుప్పెడు ఆకు లాగి వాసన పట్టి, ముందుకి పోతాడు. నచ్చలేదా, నోబిడ్డు. మళ్లీ బేలు బండి మీద ఇంటికి. అమెరికాలో ప్రొఫెసరు పొద్దున్నే మెయిలు పెట్టె తెరిచినప్పుడు జరిగేదీ అదే. అంత వరసలో మన బేలు ముందు ఆగి, ఆకు లాగి చూడాలంటే? నా సలహా: బేలు పెద్దది చెయ్యి. లోపలేముందో తర్వాత సంగతి.

కాబట్టి కష్టాలు రాయి. ఉదయగిరి దుర్గం కింద రాళ్ల చేను, వాన ముఖం చాటేయడం, సోమశిలలో 78 టీఎంసీలు పట్టే జలాశయం ఉండీ మన మెట్టకి చుక్క ఎక్కకపోవడం, హైలెవెల్ కాలువ కోసం ఎదురుచూపులు. అమ్మమ్మ మోకాళ్ల నొప్పి మర్చిపోవద్దు. నీకు ఏం వచ్చు, ఆయన చేసే పనిలో ఏది నచ్చింది అన్నవి చివర్లో చోటుంటే ఒక వాక్యంలో కుదించొచ్చు: ‘మీ పరిశోధన నన్ను ఎంతగానో ఆకర్షించినది.’ ఏ పరిశోధన అని అడగడు. అడిగేంతవరకు చదవడు గదా.

బీటెక్ ప్రాజెక్టు సంగతి అడిగితే? అమీర్‌పేటలో డబ్బులిచ్చి తెచ్చుకున్నదే రాయి. వరి ఆకు తెగులుని కంప్యూటరుతో గుర్తించే ప్రాజెక్టు, కచ్చితత్వం 99 శాతం. ఆ డేటా యాడ తెచ్చావని అడిగితే మాత్రం నెట్టు పోయినట్టు నటించాలి. మన వైపు అది నటన కూడా కాదు.

జతపరచు కాయితాలు: పదో తరగతి మార్కులు, ఎంసెట్ ర్యాంకు కార్డు, ఎన్‌సీసీ సర్టిఫికెట్, వక్తృత్వపు పోటీలో ద్వితీయ బహుమతి. జీమెయిలు 25 ఎంబీ దాకా ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నదాన్ని వదులుకోవడం మన ఇంటా వంటా లేదు. రేషను కార్డు పెట్టాలా వద్దా అన్నది నీ ఇష్టం.

కొంతమంది ప్రొఫెసర్లు టక్కరివాళ్లు. ‘నా దగ్గర చేరాలనుకునేవారికి’ అని వాళ్ల పేజీలో ఒక పేరా రాసి, ఈ పేరా చదివినట్టు గుర్తుగా మెయిలు పైన ఫలానా మాట వెయ్యండి అని కిందెక్కడో ఇరికిస్తారు. ఆ మాట లేకపోతే తెరవరు. వేలిముద్ర పడితేనే బియ్యం అన్న రేషను షాపు పద్ధతి. దీనికి నా దగ్గర మందు లేదు. పేజీ చదవడమొకటే దారి అంటారు, అది మన గైడు పరిధిలోకి రాదు.

మనకి పగలు పది గంటలంటే న్యూయార్కులో అర్ధరాత్రి అటూ ఇటూ. చలికాలంలో తేడా పదిన్నర గంటలు, ఎండాకాలంలో తొమ్మిదిన్నర. కాబట్టి మన పొద్దున పంపు, వాళ్లు నిద్రలో ఉన్నప్పుడు. జవాబు మధ్యాహ్నం భోజనాల వేళకి రాకపోతే గుర్తు చెయ్యి. సాయంత్రం ఇంకోసారి. పింఛను అర్జీ వెంటపడకుండా కదిలిందా ఎప్పుడన్నా? వారం పదిరోజులు ఆగి ఒక్కసారి గుర్తు చేస్తే చాలనే మెతక మనుషులున్నారు. వాళ్లకి పాసుపుస్తకాలు కూడా రాలేదు.

ఇంతా చేసినా కొందరు ‘ఫండ్సు లేవు’ అని ఒక్క ముక్క రాస్తారు. నాకు మొదట్లో మండిపోయేది. యూనివర్సిటీ అంత పెద్దది, ఒక్క పిల్లకాయకి కూడు పెట్టలేరా అని. తర్వాత తెలిసింది, ఆ డబ్బు యూనివర్సిటీ బీరువాలోంచి ఊరికే రాదట. ప్రొఫెసరే ఎన్ఎస్ఎఫ్ అనే ప్రభుత్వ సంస్థకో, ఎన్ఐహెచ్‌కో పేజీలకి పేజీలు అర్జీ రాసుకుని తెచ్చుకుంటాడట. పెట్టిన అర్జీల్లో చాలావరకు నోబిడ్డే. వచ్చిన కాస్తలో ముందు పీహెచ్‌డీ పిల్లల్ని చూసుకోవాలి, ఎమ్మెస్ వాళ్ల వంతు ఆ తర్వాత. 2025లో అక్కడి ప్రభుత్వం ఇచ్చిన గ్రాంట్లు కూడా బోలెడన్ని మధ్యలోనే రద్దు చేసింది. అంటే ఆయన కూడా వేపచెట్టు కింద మనిషే. సాటి అర్జీదారు బాధ అర్థం చేసుకోడేమని ఇంకో పేరా కలిపాను. దానికీ జవాబు లేదు.

ఇదంతా కొత్త విద్య అనుకోవద్దు. మన జిల్లాలో దీనికి పాత దాఖలా ఉంది. 1910 చివర్లో కుంభకోణం కుర్రాడొకడు నెల్లూరొచ్చి కలెక్టరుని కలిశాడు. ఎఫ్.ఏ. పరీక్ష తప్పినవాడు, మాసిన బట్టలు, గీసుకోని గడ్డం, చంకలో నలిగిన నోటుబుక్కు. కలెక్టరు ఆర్.రామచంద్రరావుకి లెక్కలంటే పిచ్చి, ఇండియన్ మేథమేటికల్ సొసైటీలో ముఖ్యుడు. కుర్రాడు శ్రీనివాస రామానుజన్. అడిగింది ఏంటంటే, తిండికి సరిపడా ఏదో ఒకటి, లెక్కలు చేసుకునే తీరుబాటు. అంటే జీఆర్ఏనే. కలెక్టరుకి మొదట అర్థం కాలేదు, నమ్మకం కుదరలేదు, ఒక్కసారితో పని కాలేదు. చివరికి, ఇట్టాంటివాణ్ణి నెల్లూరు లాంటి మఫసిలు ఊళ్లో మగ్గబెట్టడం పాపమని మద్రాసు పంపి, నెలకి 25 రూపాయలు తన జేబులోంచి ఇచ్చాడు. మఫసిలన్నందుకు మా నెల్లూరోళ్లు ఇంకా నొచ్చుకుంటూనే ఉండారు.

అర్జీ శాస్త్రం ప్రకారం చూస్తే ఆ కుర్రాడిదంతా తప్పుల తడక. ఎమ్మెల్యే సిఫారసు లేదు, కులధ్రువీకరణ లేదు. నోటుబుక్కు తెరిచి నేరుగా లెక్కల్లోకి దిగాడు. 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని గణితజ్ఞుడు హార్డీకి రాసిన ఉత్తరమైనా బాగుంటుందేమోనని చూశాను. మొదలు పెట్టడం నేను రాసినట్టే ఉంది: మద్రాసు పోర్టు ట్రస్టులో గుమస్తానని, జీతం ఏడాదికి 20 పౌన్లేనని. ఆహా, ఇక అమ్మమ్మ మోకాళ్లు వస్తాయని ఆశపడ్డాను. రాలేదు. సిద్ధాంతాలు, పేజీల కొద్దీ. అంతకు ముందు రాసిన ఇద్దరు కేంబ్రిడ్జి గణితజ్ఞుల దగ్గర పని జరగలేదు, హార్డీ దగ్గర జరిగింది. ఆ ఏడాదే మద్రాసు యూనివర్సిటీ నెలకి 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. ఎట్టా ఇచ్చారో నాకు అంతుబట్టదు.

మొన్న ఉదయగిరి అమ్మాయొకటి వచ్చింది. సివిల్ ఇంజినీరింగ్, నీళ్ల మీద ఎమ్మెస్. యాభై రూపాయలకి మాట్లాడుకుని నాలుగు పేజీలు మెరుపులాంటి ఉత్తరం రాసిచ్చాను. తీసుకుపోయి, అందులో ఒక్క ముక్క మిగల్చకుండా కొట్టేసి, తనే ఆరు వరసలు రాసుకుందట. తను ఉత్తరం పంపే ప్రొఫెసరు పెన్నా వరదల మీద రాసిన పేపరు చదివిందట. 2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య డ్యాము కట్ట తెగిన నీళ్లు కూడా సోమశిలకే చేరాయి కదా, మీరు వాన లెక్క ఒక్కటే వేసినట్టుంది, ఆ తెగిన నీళ్లని యాడ కలిపారు అని అడిగిందట. జీతం మాట చివరి వరసలో. మోకాళ్లు లేవు, మ.రా.రా.శ్రీ లేదు, రేషను కార్డు లేదు. ఇట్టాంటి ఉత్తరానికి ఎవడు జవాబిస్తాడమ్మా అన్నాను.

రెండో రోజు జవాబొచ్చింది. ఈ ఏడు డబ్బులు లేవన్నాడు ఆయన. ఆ తర్వాత ఇంతబారు రాశాడు: ఆ నీళ్లు తాను కలపలేదని, సోమశిల గేట్ల గంటగంట లెక్కలు నీ దగ్గరేమన్నా ఉంటే పంపమని, ఆగస్టులో ఇక్కడికి దిగాక వచ్చి కలవమని. అమ్మాయి అప్పటినుంచి సోమశిల డ్యాము ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. లెక్కలిప్పించమని అధికారులకి అర్జీ పెట్టాలంట, నా దగ్గరికే వచ్చింది. అదొక్కటీ నా పద్ధతిలోనే రాసిచ్చాను, మ.రా.రా.శ్రీతో సహా. ముందటి యాభై మాత్రం ఇంకా ఇవ్వలేదు. నా మాట ఒక్కటీ వాడలేదు గదా, అడగడానికి నాకే మొహం చెల్లడం లేదు.