ఉన్నది ఉన్నట్టు: ఒక పాత మైకు ప్రకటనకు టీకా తాత్పర్యం

మూలం: “పాత షూర్ మైకు. ఒరిజినల్ కండిషన్. చిన్న రిపేరు. ఉన్నది ఉన్నట్టు.”

అవతారిక: సెకండ్‌హ్యాండ్ సామాన్ల వర్తకుడొకడు, కొనబోయేవాడి భోజనాల బల్లను కార్ఖానాగా మార్చదలచి ఈ సూత్రాన్ని లోకానికి అనుగ్రహించాడు. ఇందులోని వస్తువు షూర్ 55ఎస్. ఎల్విస్ ప్రెస్లీ ఫొటోల వల్ల పేరుమోసిన, నిలువు చారల క్రోమ్ మైకు.

ప్రతిపదార్థం:

పాత = షికాగోకు చెందిన షూర్ కంపెనీ 1939లో 55 యూనిడైన్‌ను తెచ్చింది. దానికి తమ్ముడైన 55ఎస్ 1951లో పుట్టింది.

ఒరిజినల్ కండిషన్ = శ్లేష. లోపలి క్యాప్సూల్ మార్చలేదని ఒక అర్థం. లోపలి దుమ్మునూ మార్చలేదని రెండో అర్థం. మొదటి అర్థానికే విలువ ఎక్కువ. ఎదుటివైపు శబ్దాన్నే పట్టే మైకు కావాలంటే అంతకుముందు రెండు ఎలిమెంట్లను ఒకే డొప్పలో కూర్చేవారు. ఇంజినీరు బెంజమిన్ బావర్ ఆ పనిని ఒక్కదానితో చేయించాడు. వెనకనుంచి వచ్చిన శబ్దం చుట్టూ తిరిగి డయాఫ్రమ్ అనే పలచని పొర ముందుకు చేరుతుంది. వెనక దారుల్లో దూరినది లోపలి సన్నదారుల్లో నిదానించి, అదే సమయానికి దాని వెనక్కీ చేరుతుంది. రెండువైపులా సమంగా తోయడంతో డయాఫ్రమ్ కదలదు.

శంక: గ్రిల్లు వెనక స్పాంజి పొడిపొడిగా రాలుతోంది. దూది కుక్కితే సరిపోదా?

సమాధానం: సరిపోదు. వెనక దారులు మూసుకుంటే మైకు అన్ని దిక్కులా వింటుంది. స్పీకరు మోత తిరిగి మైకులో దూరి, సభంతా కుయ్యిమంటుంది. గాలి ఆడే పలచని స్పాంజే వేయాలి.

చిన్న రిపేరు = అల్పోక్తి. క్యాప్సూల్లో అయస్కాంతం ఉంది. బల్లమీద ఇనుపరజను ఉంటే లాక్కుంటుంది, స్క్రూడ్రైవరునూ లాక్కుంటుంది. మొన జారితే డయాఫ్రమ్‌కు చిల్లే. రజనును ఊదకూడదు, జిగురు టేపు అంచుతో అద్ది తీయాలి. డొప్ప తోమడానికి చింతపండు వద్దు, దాన్ని ఇత్తడి బిందెలకు దాచుకోవాలి. క్రోమ్ లేచిపోయిన చోట పులుపు అడుగు లోహాన్ని తింటుంది. తడిగుడ్డ, ఆపైన పొడిగుడ్డ చాలు.

వెనక ఉన్న మీటలో ఎల్, ఎం, హెచ్ అని మూడు స్థానాలు ఇంపీడెన్సువి. హెచ్ పాత వాల్వు ఆంప్లిఫయర్ల కోసం. అందులో పొడవాటి వైరు వేస్తే గొంతు మొద్దుబారి గుర్రుమంటుంది. నేటి మిక్సరుకు ఎం కుదురుతుంది. మీట తుప్పు పట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనరు కొట్టి పదిసార్లు అటూఇటూ జరపాలి.

పాఠాంతరం: కొన్ని ప్రకటనల్లో “చిన్న రిపేరు” బదులు “పనిచేస్తుంది” అని ఉంది. “పనిచేసేది” అని సవరించుకోవాలి. మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి పిన్నులకు తాకిస్తే క్యాప్సూల్ టిక్కుమనాలి. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంది గనుక మీటరు చూపే అంకె దాని చుట్టది. అంకె వచ్చినంత మాత్రాన క్యాప్సూల్లోని కాయిల్ బతికి ఉందని కాదు. ఈ పరీక్ష ఆర్‌సీఏ 44 వంటి రిబ్బన్ మైకులకు నిషిద్ధం. వాటిలోని అతి పలచని అల్యూమినియం రేకు మీటరు కరెంటుకే సాగిపోవచ్చు.

ఉన్నది ఉన్నట్టు = స్వభావోక్తి అలంకారం. తిరిగి తీసుకోనని వ్యంగ్యార్థం.

తాత్పర్యం: తళతళలు పోయినా ఫర్వాలేదు. క్యాప్సూలూ దాని గాలిదారులూ బాగుంటే కొనవచ్చును.

ఫలశ్రుతి: ఈ టీక చదివి బేరానికి వెళ్లినవాడు ముందు మీటరు తీస్తాడు. వర్తకుడు ధర తగ్గిస్తాడు. ఆ మిగులుతో, ఇప్పుడు అరుదైన పాత స్క్రూ కనెక్టరు కోసం వెతుకులాట మొదలవుతుంది.