లాంచీ హారన్ మోగించే అధికారి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ లాంచీ వేళల అధికారి గారి దివ్యసముఖమునకు,

నాగార్జునసాగర్ చూడవచ్చిన ఒక సామాన్య ప్రయాణికుడు శతకోటి నమస్కారములతో వ్రాసుకొను అర్జీ. తమరి పేరు, హోదా, గది నంబరు అర్జీదారుకు తెలియవు. టికెట్ల కిటికీ దగ్గర అడిగితే సరంగుని అడగమన్నారు. సరంగు పైవాళ్లన్నాడు. పైవాళ్లంటే ఎవరని అడిగితే నీళ్ల వంక చూశాడు. ఎవరైతేనేం, నాగార్జునకొండ మీద తమరి మాటగా అర్జీదారు చెవిన పడింది హారన్ ఒక్కటే కాబట్టి ఈ లేఖ దానికే సమర్పించడమైనది.

విషయమేమనగా, అర్జీదారు మొన్న ఆదివారం విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాడు. నాగార్జునకొండకు ముప్పావు గంట ప్రయాణం. ఆ ముప్పావు గంట గురించి ఆయనకు పెద్ద ఫిర్యాదేమీ లేదు. ఎండ ఉన్నా గాలి ఉంది, నీళ్లు పచ్చగా ఉన్నాయి, ఇటూ అటూ నల్లమల వరసలు. కింద ఇక్ష్వాకుల రాజధాని మునిగి ఉందని పక్క సీటాయన భార్యకు చెబుతుంటే నలుగురూ తలలు వంచి తొంగిచూశారు. ఏం కనబడుతుంది? అయినా చూశారు. కొండ దగ్గర దిగుతుంటే తమరి సిబ్బంది ఒకాయన ప్రకటించాడు: గంట టైం, గంటలో వచ్చేయాలి, రాకపోతే మా బాధ్యత లేదు.

సరే, గంట. మరి నలభయ్యో నిమిషానికే ఆ హారన్ ఎందుకయ్యా?

మొదటిది మర్యాద హారన్. రెండోది హెచ్చరిక. మూడోది బెదిరింపు. ఆ తర్వాత కొట్టినవాటికి తెలుగులో పేర్లు ఉన్నాయి గానీ పత్రికలో అచ్చేయరు. గేదెల్ని తోలినట్టు తోలారు జనాన్ని. మ్యూజియంలో ఉన్నవాళ్లు ఉన్న ఫళంగా బయటికి, బయట ఉన్నవాళ్లు రేవుకి. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని ఒకామె, నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని ఇంకొకామె. అందరూ దిగి వచ్చాక లాంచీ ఇంకో పావుగంట అక్కడే ఉంది. సరంగు టీ తాగుతున్నాడు.

ఈ గంటను తమరు ఏ లెక్కన కట్టారో తెలియదు. అర్జీదారు లెక్క ఇది. లాంచీ రేవుని ఆనుకున్నాక ఒకే పలక మీదుగా ఒక్కొక్కరే దిగాలి. లైఫ్ జాకెట్ విప్పాలి, దాని ముడి ఊడదు. మోకాళ్ల నొప్పుల అత్తయ్యల్ని చేయిపట్టి దించాలి. అక్కణ్ణుంచి చెట్ల మధ్యగా పైకి నడక. మ్యూజియం టికెట్ వేరే, దానికి వేరే క్యూ. గుమ్మంలో అడుగు పెట్టేసరికి గంటలో మూడో వంతు హుష్‌కాకి. మిగిలిందాంట్లో నుంచి తమరి హారన్ వాటా తీసేస్తే మనిషికి మిగిలేది ఇరవై నిమిషాలు. సినిమా ఇంటర్వెల్ కంటే కాస్త ఎక్కువ.

ఆ ఇరవై నిమిషాల్లో చూడాల్సింది ఏమిటో తమరికి మనవి చేసుకోవడం తప్పు కాదనుకుంటాను, క్షమించండి, అర్జీదారు అనుకుంటున్నాడు.

1926లో పురాతత్వ శాఖకు చెందిన రంగస్వామి సరస్వతి, ఇప్పుడు నీళ్ల కింద ఉన్న లోయలో ఈ శిథిలాలను కనిపెట్టారు. మరుసటి ఏడాది నుంచి లాంగ్‌హర్స్ట్ దొర తవ్వకాలు జరిపించాడు. మహాచైత్యమనే పెద్ద స్తూపంలో వెండి భరిణె, దాని లోపల బంగారు భరిణె, అందులో చిన్న ఎముక తునక దొరికాయి. తర్వాత ఆనకట్ట కట్టాలని తేలింది. లోయ మునుగుతుందని తెలిసిన మీదట 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో రాత్రనక పగలనక తవ్వారు. ముప్పైకి పైగా బౌద్ధ నిర్మాణాలు, గుళ్లు, స్నానఘట్టాలు, రాతియుగం నాటి పనిముట్లు, మెగాలితిక్ సమాధులు బయటపడ్డాయి. అవతల 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాం లేస్తోంది, ఇవతల పారలు, బుట్టలు, కొలతల టేపులు. నీళ్లతో పందెం అది. తొమ్మిది ముఖ్య కట్టడాలను రాయి రాయీ విప్పి, కొండ మీదికి చేరవేసి, మళ్లీ పేర్చారు. కొన్నింటిని ఒడ్డున అనుపు దగ్గర నిలబెట్టారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

ఆరేళ్లు తవ్వి, కొండెక్కించి, కాపాడింది ఇరవై నిమిషాల్లో చూసి పరుగెత్తడానికా?

ఒక్క రాయి సంగతి చూడండి. మ్యూజియంలో ఒక స్తంభం మీద సైనికుడు ఉన్నాడు. గడ్డం, తల మీద శిరస్త్రాణం, చేతిలో ఈటె, ఒంటి మీద పొడుగు చొక్కా, కాళ్లకు పైజామా లాంటి తొడుగు. చుట్టూ ఉన్న శిల్పాల్లో మగవాళ్లంతా పంచెలతో, తలపాగాలతో ఉంటే వీడొక్కడే చలిదేశం వాడిలా ఉన్నాడు. శకుడని చరిత్రకారులంటారు. ఒక పదేళ్ల కుర్రాడు అక్కడ ఆగిపోయి, "నాన్నా, మన ఊళ్లో ఈ ఎండలో ప్యాంటేమిటి వీడికి?" అన్నాడు. ఎంత మంచి ప్రశ్న! కృష్ణ ఒడ్డున 1,700 ఏళ్ల కిందట ఎవరెవరు తిరిగారు, ఎవరు ఎవరి కొలువులో చేరారు, రోమన్ నాణేలు ఇక్కడెందుకు దొరికాయి అన్న కథంతా ఆ ప్రశ్నలోంచే మొదలుపెట్టవచ్చు. తండ్రి నోరు తెరిచాడు. తమరు హారన్ కొట్టారు. "పద పద, లాంచీ పోతుంది" అన్నాడు తండ్రి. అంతే.

ఇంకొకటి. మ్యూజియంలో మునిగిపోయిన లోయ నమూనా ఉంది. దాని చుట్టూ ఒక పెద్దాయన చేతికర్రతో రెండుసార్లు తిరిగాడు. ఏం వెతుకుతున్నారు బాబాయ్ అని అర్జీదారు అడిగాడు. పుల్లారెడ్డిగూడెం అట. ఆ లోయలో ఉన్న ఊరు అది. వాళ్లది ఆ ఊరే. పునరావాసంలో మాచర్ల వైపు వచ్చేశారు, అప్పటికి ఆయన చిన్నపిల్లాడు. వాగు ఇటు వైపు ఉండాలి, మా నాయన పొలం దానికి పైన, అంటూ వేలితో గాలిలో గీత గీస్తున్నాడు. వాగు దొరికింది. పొలం ఎక్కడుండాలో లెక్క వేసుకుంటున్నాడు. మూడో హారన్. కూతురు వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయింది. ఆమె తప్పేమీ లేదు, ఆమె కంగారు ఆమెది. నీళ్లు ఊరిని తీసుకున్నాయి. ఆ ఊరి బొమ్మ ముందు నిలబడే పది నిమిషాలు కూడా తమరే తీసుకోవాలా?

మహాచైత్యం దాకా అర్జీదారు వెళ్లలేకపోయాడు. మ్యూజియంతో పాటు అది కూడా చూసి రావడం తమరి గంటలో పి.టి. ఉష వల్ల కూడా కాదు. పునాది 106 అడుగుల అడ్డుకొలత, మధ్యలో ఇరుసు నుంచి ఆకులు చీలిన బండి చక్రం మాదిరి కట్టుబడి. దాన్ని కట్టించింది శాంతిశ్రీ, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త. మేనల్లుడి ఆరో పాలనా సంవత్సరంలో పూర్తి చేయించి, చుట్టూ ఆయక స్తంభాల మీద ఆ సంగతి చెక్కించింది. బోధిశ్రీ అని ఇంకో ఉపాసిక ఉంది, రాజవంశం కూడా కాదు. ఆమె వేయించిన శాసనంలో సింహళ భిక్షువుల ప్రస్తావన, కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, యవనదేశం పేర్లు వరసగా వస్తాయి. సింహళం నుంచి ఓడల మీద వచ్చినవాళ్లకు ఉండటానికి ఇక్కడ విహారమే కట్టారు. హైదరాబాదు నుంచి బస్సు మీద వచ్చినవాడికి తమరు గంట ఇచ్చారు.

కోపం వచ్చింది. మన్నించాలి. మర్యాదగానే రాద్దామని కూర్చున్నాడు అర్జీదారు.

చేతిలో కలం ఉండగానే మిగతావి కూడా చెప్పేస్తాడు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఆ ముక్క వెళ్లేవాడికి ముందుగా ఎక్కడ తెలుస్తుంది? గుంటూరులో బస్సెక్కేటప్పుడు తెలియదు, మాచర్లలో దిగేటప్పుడు తెలియదు, లాంచీ స్టేషన్ గేటు దాకా వచ్చాక తెలుస్తుంది. తర్వాత, లాంచీ టైం ప్రకారం కదలదు, జనం ప్రకారం కదులుతుంది. సీట్లు నిండేదాకా ఎండలో గంటంబావు కూర్చోబెట్టారు. అప్పుడు మాత్రం హారన్‌కు నోరు పెగల్లేదు! ప్రయాణికుడి గంటకు విలువ లేదు, తమరి గంటకు మాత్రం సెకన్లతో సహా లెక్క. ఇక ఆ స్పీకర్లు. నల్లమల కొండల మధ్య, కృష్ణ మీద, ముప్పావు గంట పాటు ఐటం సాంగులు. ఆపమని ఒకాయన అడిగితే, పబ్లిక్ డిమాండ్ అన్నారు. పబ్లిక్ ఎవరో లాంచీలో ఎవరికీ తెలియలేదు.

లైఫ్ జాకెట్ గురించి మాత్రం అర్జీదారు ఒక్క మాట కూడా అనడు. 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఏం జరిగిందో, అంతకు రెండేళ్ల ముందు కృష్ణ మీద పవిత్ర సంగమం దగ్గర ఏం జరిగిందో మరిచిపోయినవాడు కాదు. కంపు కొట్టినా సరే, ముడి ఊడకపోయినా సరే, వేసుకుంటాడు. అది వేసుకోకుండా సెల్ఫీ దిగుతున్న కుర్రాళ్లను సరంగు కేకలేసి కూర్చోబెట్టాడు. ఆ పూట తమరి వ్యవస్థలో అర్జీదారు చేతులెత్తి మొక్కిన ఒకే ఒక్క సంగతి అది.

అయినా ఎవరితో చెప్పుకోవాలి? ఎడమ గట్టు తెలంగాణ, కుడి గట్టు ఆంధ్ర, కొండేమో ఆంధ్రలో. మ్యూజియం కేంద్రానిది, నీళ్లు కృష్ణా నది బోర్డు చూసుకుంటుంది. 2023 నవంబరు 30న డ్యాం మీద ఉన్న 26 గేట్లలో 13 మావేనని ఆంధ్ర పోలీసులు వచ్చి కూర్చున్నారు, ఆ గొడవ తర్వాత సీఆర్‌పీఎఫ్ వచ్చింది. 590 అడుగుల నీటిమట్టంలో ఒక్కో అడుగు మీద ఎవరి హక్కెంతో చెప్పేవాళ్లు అడుగడుగునా ఉన్నారు. ఆ నీళ్ల మధ్య కొండ మీద మనిషి ఎంతసేపు ఉండవచ్చో చెప్పేవాడు మాత్రం సరంగు ఒక్కడే.

కొండ మీద నిలవనివ్వకపోతే గట్టు మీద చూసుకోండి అంటారేమో. చూశాడు. హిల్ కాలనీ దగ్గర 274 ఎకరాల్లో తెలంగాణ ప్రభుత్వం 2022లో తెరిచిన బుద్ధవనం ఉంది. తీరిగ్గా తిరగవచ్చు. అనుపులో మళ్లీ పేర్చిన రంగస్థలం మెట్ల మీద కూర్చుని, కింద నిలబడ్డవాడి మాట ఎంత స్పష్టంగా వినిపిస్తుందో చూడవచ్చు. కూర్చున్నాడు కూడా, పొద్దుగూకేదాకా. లేవమని ఒక్కరూ అనలేదు. అయితే ఆ సైనికుడు అక్కడ లేడు. లోయ నమూనా అక్కడ లేదు. నీళ్లు దాటి వెళ్లి నడిచే కొండ అదొక్కటే.

అందువల్ల అర్జీదారు కోరుకునేది చిన్న సవరణ. వెళ్లిన లాంచీలోనే తిరిగి రావాలన్న నిబంధన తీసేయండి. పొద్దున వెళ్లినవాడు మధ్యాహ్నం లాంచీలో వస్తాడు. ఆఖరి లాంచీలో అందరూ ఒక్కసారిగా ఎక్కితే ప్రమాదం కదా అంటారు, నిజమే. రేవులో దిగేటప్పుడే తిరుగు లాంచీకి టోకెన్ ఇవ్వండి. సీట్లెన్నో అన్నే టోకెన్లు. తిరుపతిలో లక్షల మందికి టోకెన్ల మీద దర్శనం ఇప్పిస్తున్న రాష్ట్రం మనది, ఒక లాంచీడు మందికి ఇవ్వలేమా? పైన ఒక మంచినీళ్ల కుళాయి, నీడలో నాలుగు బల్లలు, ఇడ్లీ అమ్ముకునే మహిళా సంఘం ఒకటి ఉంటే జనం సాయంత్రం దాకా ఉంటారు. తమరికీ నాలుగు డబ్బులు వస్తాయి.

అది కుదరదంటే రెండు గంటలు ఇవ్వండి. రెండు గంటలంటే డీజిల్ లెక్కలు తేడా వస్తాయంటే గంటన్నర. అదీ కష్టమంటే, గంట అన్నప్పుడు గంట ఉంచండి బాబూ. మొదటి హారన్ యాభయ్యో నిమిషానికి కొట్టండి. అదీ ఒక్కసారే. వినబడుతుంది. అంత చిన్న కొండ మీద అది వినబడని చోటు లేదు.

ఇట్లు,
మహాచైత్యం చూడని అర్జీదారు

జతపరచినవి: లాంచీ టికెట్ జిరాక్సు ఒకటి. మ్యూజియం టికెట్ జిరాక్సు ఒకటి. పుల్లారెడ్డిగూడెం పెద్దాయన వచ్చే నెల మళ్లీ వస్తానన్నాడు, శుక్రవారం కాకుండా చూసుకోమని ఆయనకు చెప్పడమైనది.