ఆరు యూరోల సీసాకు టీకా తాత్పర్యం

అవతారిక: స్పెయిన్ సూపర్‌మార్కెట్లో మోకాలి ఎత్తు అరలో వెలసిన ఎర్ర వైన్ సీసా మీది చీటీయే ఇక్కడ మూలగ్రంథం. కర్త అజ్ఞాతుడు. కంటి ఎత్తు అరల్లోని సీసాలకు వ్యాఖ్యాతలు కోకొల్లలు గనుక ఈ అనాథ కోసం మేము పూనుకొంటిమి.

మూలం: రియోహా. క్రియాంసా. టెంప్రనీయో. 13.5%. కొంతియేనే సుల్ఫీతోస్.

ప్రతిపదార్థం: రియోహా = ఉత్తర స్పెయిన్‌లో ఎబ్రో నది ఒడ్డు సీమలో పుట్టినదియు; టెంప్రనీయో = త్వరగా పండెడు నల్లద్రాక్షతో చేయబడినదియు; క్రియాంసా = రెండేళ్లు మాగినదియు, అందులో కనీసం ఏడాది ఓక్ పీపాలో వసించినదియు; 13.5% = స్పష్టము; కొంతియేనే = కలిగియున్నది; సుల్ఫీతోస్ = సల్ఫైట్లను. మూలం మొత్తానికి క్రియాపదం 'కొంతియేనే' ఒక్కటే, అదీ చట్టం రాయించినది.

తాత్పర్యం: రెండేళ్లు పెట్టుబడిని చీకటి కొట్లో బంధించి, పీపా ఖర్చు భరించి, చివరకు ఆరు యూరోలకే అమ్ముచున్నారని భావం.

విశేషం: గ్రంథానికి ప్రాణం క్రియాంసా పదంలో ఉంది. 'రెసర్వాకు మూడేళ్లు, గ్రాన్ రెసర్వాకు ఐదేళ్లు కదా, అవి చవగ్గా దొరికితే అవే కొనరాదా?' అని పూర్వపక్షం. కొనరాదు. ఎన్నేళ్లు మాగాలో నియమం చెప్పింది గాని, మాగేందుకు పండులో సత్తువ ఉండాలని చెప్పలేదు. పలచని రసాన్ని ఐదేళ్లు కూర్చోబెడితే పండు పోయి చెక్క మిగులును. ఆరు యూరోలవాడు క్రియాంసా గీత దాటరాదు. పీపా ముఖమే చూడని కాంపో దె బోర్హా సీమ లేత గర్నాచా వైన్ ఇంకా మేలని మా మతం. రియోహా శిష్యులు ఒప్పుకోరు.

అలంకారం: రసజ్ఞులు గ్లాసులో ముక్కు పెట్టి చెర్రీ, తోలు, పొగాకు అనుట ఉత్ప్రేక్ష. వెనీలా అనుట మాత్రం స్వభావోక్తి, ఓక్ చెక్కలో వెనిలిన్ నిజంగానే ఉంది.

పాఠాంతరం: 1994కు ముందరి చిలీ ప్రతుల్లో 'మెర్లో' అని ఉన్న చాలాచోట్ల 'కార్మెనేర్' అని చదువుకొనవలెను. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ నుంచి తెచ్చిన కార్మెనేర్ తీగలను చిలీ రైతులు మెర్లో అనుకొనే పెంచారు. ఫ్రాన్స్‌లోనేమో ఫిలోక్సెరా పురుగు వచ్చాక కార్మెనేర్ దాదాపు కనుమరుగైంది. 1994లో బూర్సికో అనే ఫ్రెంచి ద్రాక్షశాస్త్రవేత్త చిలీ తోటలో నిలబడి ఆ అపపాఠాన్ని దిద్దాడు. సంవత్సరాల తరబడి తాగినవారిలో చాలామందికి అనుమానం రాకపోవుట నాలుక ప్రామాణ్యాన్ని గూర్చి చాలా చెప్పుచున్నది. అర్జెంటీనా ప్రతిలోని మాల్బెక్‌కు ఇట్టి చిక్కు లేదు. మెందోసా కొండసీమది చవగ్గా దొరికితే కళ్లు మూసుకొని తీసుకోవచ్చు.

ప్రయోగవిధి: 'గది వేడిమిలో తాగవలె' అనునది చలిదేశపు రాతి ఇళ్ల నాటి సూత్రం. వేసవిలో దీనికి ప్రవృత్తి లేదు. ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి తీయవలెను. మొదటి గుక్కకే నోరు వగరుతో పిడచకట్టును. లాలాజలంలోని ప్రొటీన్లను టానిన్ పట్టుకొనుటే హేతువు. అప్పుడొక మాంచేగో జున్నుముక్క నమిలి మళ్లీ తాగితే అదే వైన్ మెత్తబడును. జున్ను లేనిచో ఉప్పు వేరుశనగ చెల్లును.