ట్రక్కు వెనక వైపు

మా దాచేపల్లి వైపు రైతు ఇంట్లో ట్రాక్టరు వచ్చిన రోజు కన్నా దానికి ట్రక్కు చేయించుకునే రోజుల్లోనే సందడెక్కువ. ట్రాక్టరు కంపెనీ ఎలా ఇస్తే అలా తెచ్చుకుంటాం. ట్రక్కు అలా కాదు. పొడవెంత, డోర్ల ఎత్తెంత, జాకీ లిఫ్టు పెట్టించాలా వద్దా, సామాన్ల పెట్టె ఎక్కడ బిగించాలి, లైట్లు ఎన్ని, వెనక డోరు మీద ఏ బొమ్మ, ఎవరి పేరు... అన్నీ మనం నోటితో చెప్పినట్టే వెల్డింగు షెడ్డులో తయారవుతాయి. అడిగిందల్లా చేసిపెట్టే మనిషి ఎదురుగా నిలబడితే ఏం అడగాలో తెలిసి ఉండాలి. నాకు తెలియలేదు. తెలియదన్న సంగతీ తెలియలేదు. నేనేం అడిగానో, ఏం వద్దన్నానో, దానివల్ల ఎవరికేం జరిగిందో ఇన్నాళ్లకు రాస్తున్నాను.

ఆ ట్రక్కు తిరిగే దారి ముందు చెప్పాలి. దసరా దాటిన దగ్గర్నుంచి పత్తి బోరేలు, సంక్రాంతి తర్వాత మిరప కల్లాలు. ఎండిన కాయను టిక్కీలకు ఎత్తి, రాత్రికి రాత్రి పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు యార్డుకు చేర్చాలి. తెల్లారేసరికి అక్కడ ఉంటే ఆ రోజు బేరంలో సరుకు పడుతుంది. అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. పొందుగుల దగ్గర కృష్ణ దాటితే అవతల వాడపల్లి, తెలంగాణ. సిమెంటు లారీలు, సున్నం లారీలు, హైదరాబాదు నుంచి దిగువకు పోయే బస్సులు ఆ దారిన రాత్రంతా తెగకుండా నడుస్తుంటాయి. 212 కిలోమీటర్ల ఆ నాలుగు వరసల రోడ్డు మీద నింపుడు ట్రక్కుతో పోయే మా ట్రాక్టర్ల కన్నా నెమ్మదిగా కదిలేది మరొకటి కనపడదు. గంటకు ఇరవై, పాతిక కిలోమీటర్లు పోతే ఎక్కువ. అంటే మా ట్రక్కును చూడవలసినవాళ్లంతా వెనక నుంచే వస్తారు. చిన్నప్పటి నుంచి ఆ రోడ్డు పక్కనే బతుకుతున్నవాణ్ణి, షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు ఈ ఒక్క ముక్క నా తలకెక్కలేదు.

లైట్ల సంగతికి వస్తాను. ఆ ఏడు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లాను. మా జిల్లాలో పుట్టినవాళ్లకు ఆ ప్రభల గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఊరూరా చందాలు పోగేసి, ఎనభై తొంభై అడుగుల ఎత్తున కట్టి, నిలువునా కరెంటు బల్బులు అల్లి కొండ కింద నిలబెడతారు. రాత్రి ఆ వెలుగులో నిలబడితే మనిషికి ఒళ్లు జలదరిస్తుంది. నాకూ జలదరించింది. మనసులో ఆ వెలుగు పెట్టుకుని షెడ్డుకు వెళ్లాను. డోర్ల అంచుల వెంట నీలం, ఆకుపచ్చ ఎల్‌ఈడీ పట్టీలు కావాలన్నాను. పరుగెత్తినట్టు వెలిగి ఆరేవి. ముందు వైపు రెండు పెద్ద లైట్లు. ట్రక్కు లోపల, కల్లంలో రాత్రిపూట టిక్కీలు ఎత్తేటప్పుడు పనికొస్తుందని ఒక తెల్ల లైటు. ఈ చివరిది ఒక్కటే పనికొచ్చే ఆలోచన, అది కూడా నాది కాదు, హమాలీ ఒకాయన చెప్పింది.

వెనక డోరు మీద ఎద్దుల జత బొమ్మ వేయించాను. బొమ్మ వేసినాయన చేయి మంచిది. కొమ్ముల మీద రంగు ఆరకముందే షెడ్డు యజమాని ఎర్ర రేడియం టేపు చుట్ట తెచ్చి, "డోరుకు ఈ చివర నుంచి ఆ చివరకు అంటిద్దాం అన్నా, కింద రెండు ఎర్ర బిళ్లలు కూడా బిగిద్దాం" అన్నాడు. టేపు అంటిస్తే ఎద్దుల కాళ్లు తెగిపోతాయి. నేను వద్దన్నాను. బిళ్లలు తర్వాత చూద్దామన్నాను. ఆయన మళ్లీ ఒకసారి అడిగాడు. "నా ట్రక్కు, నా ఇష్టం" అన్నాను. ఆ మాటను ఇప్పటికీ నా చెవులు వింటూనే ఉంటాయి.

ఇక పెట్టె. షెడ్డులో రెండు రకాలు చూపించారు. ముందు వైపు అరలు అరలుగా, పక్క నుంచి తలుపు తెరుచుకునేది ఒకటి. అడుగు పొడవునా ఒకే గొయ్యిలా, పైనుంచి మూత తెరుచుకునేది మరొకటి. రెండోది పెద్దదిగా కనపడింది. పెద్దది కాబట్టి మంచిదనుకున్నాను. జాకీ, పానాలు, తాళ్లు, పట్టాలు, గ్రీజు డబ్బా, నీళ్ల క్యాను, కూలీల అన్నం క్యారియర్లు, పురుగుమందు డబ్బాలు... ఏది చేతికొస్తే అది అందులో పడేసేవాళ్లం.

ఆ గొయ్యి నాకు ముందే ఒక హెచ్చరిక చేసింది. పత్తికి మందు కొట్టే రోజుల్లో ఒక డబ్బా మూత వదులై కారింది. మధ్యాహ్నం పెట్టె తెరిస్తే గుప్పున వాసన. క్యారియర్లన్నీ అందులోనే ఉన్నాయి. కలుపుకు వచ్చిన ఆడవాళ్లు ఒక్కరూ అన్నం ముట్టలేదు. వాళ్లలో పెద్దామె, "మందూ మెతుకూ ఒక చోట పెట్టేదేందయ్యా, మీ ఇంట్లో వంటింట్లో పెట్టుకుంటారా మందు?" అంది. నేను చేసిందేమిటంటే క్యారియర్లకు ఒక ప్లాస్టిక్ బుట్ట కొనడం. పెట్టె మార్చలేదు. మందు ఇంకా అందులోనే ప్రయాణం చేసింది. ఆమె అడిగినదానికి నిజంగా జవాబు చెప్పుకుని ఉంటే, ఏ వస్తువు ఎవరి చేతికి ఎప్పుడు అందాలో ఆ రోజే ఆలోచించేవాణ్ణి.

మార్చి నెలలో ఒక రాత్రి తేజ కాయ నింపుకుని బయల్దేరాం. మా అన్న కొడుకు నడుపుతున్నాడు. నేను పక్కన. దాచేపల్లికీ పిడుగురాళ్లకూ మధ్య ఎల్‌ఈడీ పట్టీలు ఒక్కసారిగా ఆరిపోయాయి. "లైట్లు పోయినయ్ బాబాయ్" అన్నాడు. షోకు లైట్లేగా, యార్డుకు పోయాక చూద్దామన్నాను. వాటితోపాటు వెనక ఎర్ర లైట్లు కూడా పోయాయని నాకు తెలియదు. దిగి చూసి ఉంటే తెలిసేది. ఇంకాస్త దూరం పోగానే ట్రక్కు ఎడమ టైరు దిగిపోయింది. రోడ్డు అంచుకు తీసి ఇంజను ఆపాం. సగం ట్రక్కు తారు మీదే ఉంది.

జాకీ కావాలి. అది గొయ్యి అడుగున ఉంది. దాని మీద తాళ్లు, తాళ్ల మీద పట్టాలు, పట్టాల మీద డబ్బాలు. ఫోను లైటు నోట్లో పట్టుకుని ఒక్కొక్కటి తీసి కింద పెడుతున్నాను. పక్క అరలో ఉంటే చేయి పెట్టి లాగే వస్తువు. నేను ఆ గొయ్యిలోకి వంగి ఉండగానే వెనక పెద్ద చప్పుడు.

బైకు మీద వచ్చిన కుర్రాడు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి ఇంటికి పోతున్నాడు. తొడ ఎముక విరిగింది, మణికట్టు విరిగింది. హెల్మెట్ ఉంది కాబట్టి తల దక్కింది. 108 వచ్చేదాకా అతని తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అతను నొప్పితో ఒకే మాట పదే పదే అన్నాడు, "కనపళ్లేదు, అసలు కనపళ్లేదు" అని.

అంతవరకు చేసింది తెలివితక్కువ పని. తర్వాత చేసినదాన్ని ఏమనాలో తెలియడం లేదు. జనం పోగయ్యారు. ఎవరో "స్పీడుగా వచ్చి ఉంటాడు" అన్నారు. ఇంకెవరో "తాగి ఉంటాడు" అన్నారు. నేను అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. అతని నోటి దగ్గర నా ముఖం పెట్టి కూర్చున్నవాణ్ణి, అతను తాగలేదని నాకు తెలుసు. అయినా ఆ మాటలు గాలిలో అలా తిరుగుతుంటే నాకు కొంచెం ఊరటగా అనిపించింది. తప్పు ఇద్దరి మధ్యా పంచుకున్నట్టు. నా వంతు తగ్గినట్టు.

రెండో రోజు ఆస్పత్రికి వెళ్లాను. వాళ్లమ్మ వరండాలో కూర్చుని ఉంది. కోపంగా మాట్లాడుతుందని సిద్ధపడి వెళ్లాను. ఆమె ఒక్కటే అడిగింది. "మావాడు తాగి గుద్దాడని ఊళ్లో అంటున్నారంట బాబూ. వాడు ముట్టడు. నువ్వు దగ్గరుండి చూశావు గదా, ఆ ఒక్క మాట చెప్పు." ఆసుపత్రి ఖర్చు గురించి గానీ, కేసు గురించి గానీ ఆమె మాట్లాడలేదు. స్టేషన్‌కు వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వెనక లైటు వెలగడం లేదని, ఎర్ర బిళ్లలు బిగించుకోలేదని, కుర్రాడు తాగి లేడని. ఊళ్లో కూడా చెప్పాను. ముందు రోజే, ఆ రోడ్డు మీదే చెప్పవలసిన మాట.

ట్రాక్టరుకు బీమా ఉంది. ట్రక్కుకు విడిగా తీసుకోలేదు. చట్టం లెక్కలో ట్రక్కు కూడా ఒక మోటారు వాహనమే, దానికి వేరే నంబరు, వేరే కాగితాలు ఉండాలి. ఎల్‌ఈడీ పట్టీలకు డబ్బు పెట్టినవాణ్ణి దానికి పెట్టలేదు. వైద్యానికి నా చేతి నుంచే ఇచ్చాను. ఇవ్వడం గొప్ప కాదు. ఆ కుర్రాడు ఇప్పుడు నడుస్తున్నాడు, కానీ షిఫ్టులో ఎక్కువసేపు నిలబడలేకపోతున్నాడు.

లైట్లు ఎందుకు పోయాయో మెకానిక్ విప్పి చూపించాడు. ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులది. వెనకున్న ఏడు పిన్నుల సాకెట్ నుంచి ట్రక్కుకు కరెంటు వస్తుంది. అందులో ఎర్ర లైటుకు ఒక తీగ, ఎడమ, కుడి ఇండికేటర్లకు వేరు వేరు తీగలు, బ్రేకు లైటుకు ఇంకొకటి ఉంటాయి. దగ్గరగా ఉందని నా షోకు పట్టీలన్నిటినీ ఎర్ర లైటు తీగకే కలిపారు. హుక్కు దగ్గర మలుపు తిరిగినప్పుడల్లా ఆ తీగ ఇనుముకు రాసుకుని తోలు ఊడింది, ఇనుముకు తగిలి ఫ్యూజు కొట్టేసింది. ఒకే ఫ్యూజు కాబట్టి పట్టీలతోపాటు ఎర్ర లైట్లూ చచ్చాయి. షోకుకు వేరే తీగ, వేరే ఫ్యూజు పెట్టించి ఉంటే పట్టీలు పోయినా ఎర్ర లైటు మిగిలేది. అసలు ఆ పట్టీలే తప్పు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం వెనక్కి ఎరుపు తప్ప వేరే రంగు చూపించకూడదు. రివర్సు లైటు, ఇండికేటరు లాంటివి మినహాయింపు. నీలం ఆకుపచ్చ మెరుపులు వెనకవాడి కంటికి ముందున్నది ట్రక్కో, రోడ్డు పక్క కొట్టో తెలియనివ్వవు.

అదే నియమాల్లో ఇంకో కొలత ఉంది. వెనక ఎర్ర లైటు 155 మీటర్ల దూరం నుంచి కనపడాలి. ఆ అంకె ఎందుకో లెక్క వేసుకున్నాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకు సెకనుకు సుమారు 17 మీటర్లు కదులుతుంది. 155 మీటర్ల ముందు కనపడితే ఆ మనిషికి తొమ్మిది సెకన్లు చేతిలో ఉంటాయి. బ్రేకు వేయొచ్చు, పక్కకు తప్పుకోవచ్చు. మా ట్రక్కు అతని బైకు లైటు వెలుతురులో పడేసరికి అతని దగ్గర రెండు సెకన్లైనా ఉన్నాయో లేదో. మిగతావి అతని నుంచి నేను లాక్కున్నాను, ఎద్దుల కాళ్లు తెగకూడదని.

రేడియం టేపుకు కరెంటు అక్కర్లేదు. ఫ్యూజు పోయినా, ఇంజను ఆపినా, బ్యాటరీ దిగినా, మీద పడిన వెలుతురును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది. ముందు తెలుపు, పక్కలకు పసుపు, వెనక ఎరుపు. మా నాన్న ఎడ్లబండి తోలే రోజుల్లో చీకటి పడితే బండి ఇరుసుకు లాంతరు కట్టకుండా ఊరు దాటేవాడు కాదు. దాని వెలుగు ఆయనకు దారి చూపించేంత కాదు. ఆ లాంతరు వెనక వచ్చేవాడి కోసం. ఆయన కొడుకుగా పుట్టి అంత పెద్ద ట్రక్కు చేయించుకుని, వెనక వచ్చేవాడికి ఒక గుర్తు పెట్టలేకపోయాను.

ఇప్పుడు ఎద్దుల బొమ్మకు అడ్డంగా ఎర్ర టేపు ఉంది. పట్టీలు పీకించాను. అడుగు గొయ్యి తీయించి ముందు వైపు అరల పెట్టె బిగించాను. జాకీ, పానాలు, టార్చిలైటు, మడత పెట్టే ఎర్ర త్రికోణం పై అరలో, తలుపు తీయగానే చేతికి. మందు డబ్బాలకు అసలు ఆ పెట్టెలో చోటే లేదు. వాటికి తాళం వేసే వేరే ఇనప పెట్టె చేయించి అవతలి పక్కన బిగించాను. అన్నం, నీళ్లు ట్రాక్టరు మీద, మనుషుల దగ్గరే.

ఈ సీజనుకు ట్రక్కులు బయటికి తీయబోయే రైతులను చేతులు జోడించి అడుగుతున్నాను. ఒక రాత్రి మీ ట్రక్కును నింపి, పట్టా కట్టి, ఇంజను ఆపించి, బైకు వేసుకుని వెనక దూరం నుంచి రండి. మీకే కనపడకపోతే ఇంకెవరికీ కనపడదు. పట్టా కిందికి వేలాడి టేపును కప్పుతుంటే పైకి మడిచి కట్టండి. బురద పట్టిన ఎర్ర బిళ్లలను తడిగుడ్డతో తుడవండి. షోకు లైట్లు ఎర్ర లైటు తీగకే కలిపి ఉంటే తీయించండి. మిరపకు ఒక్క పిచికారీకి పెట్టే ఖర్చులో ఇదంతా అయిపోతుంది. మిరప కోతలు మొదలు కాకముందే చేయించండి.